పశువైద్యుడు ఎవరికి జవాబుదారీ? పట్టా తర్వాత దారులపై ఒక పరిశీలన

పశువైద్య కోర్సులో చేరే పిల్లల్లో చాలామంది మనసులో ఉండే బొమ్మ ఒకటే. జబ్బుపడిన జంతువు, పక్కన ఆందోళనగా నిలబడ్డ యజమాని, మందిచ్చి దాన్ని లేపి నిలబెట్టే డాక్టర్. ఐదారేళ్ల చదువు పూర్తయ్యేసరికి ఆ బొమ్మ ఒక్కటే సరిపోదని తెలిసొస్తుంది. అదే పట్టా చేతపట్టుకుని ఒకరు అర్ధరాత్రి కొట్టంలో అడ్డం తిరిగిన దూడను బయటికి తీస్తుంటారు. ఇంకొకరు కబేళాలో కాలేయాలు కోసి చూస్తుంటారు. మరొకరు వేల కోళ్లున్న షెడ్డులో నీటి మీటరు రీడింగు రాసుకుంటారు, వేరొకరు ఓడరేవులో దిగిన పశువుల పత్రాలు సరిచూస్తారు. జీతం, హోదా, ఉండబోయే చోటు చూసి వీటిలో ఒకటి ఎంచుకోవడం మామూలే. అయితే ఈ దారులను విడదీసే అసలు గీత వేరే ఉంది. పశువైద్యుడు ఎవరికి జవాబు చెప్పాలి? ఎదురుగా ఉన్న యజమానికా, మందకా, కంపెనీకా, ప్రభుత్వానికా, పాలు తాగి మాంసం తినే జనానికా? దీనికి వచ్చే జవాబును బట్టే రోజువారీ పని, సంపాదన, టెన్షన్, ఈ వృత్తిలో ఎన్నాళ్లు నిలబడగలరన్నది కూడా మారిపోతాయి.

ఈ ప్రశ్న వృత్తితో పాటే పుట్టింది. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో తొలి పశువైద్య పాఠశాలకు అనుమతి తెచ్చిన క్లోద్ బూర్జెలా గుర్రపు స్వారీ శిక్షణాలయం నడిపిన మనిషి. ఆయన మక్కువ గుర్రాల మీద. ప్రభుత్వం అండగా నిలిచింది మాత్రం యూరప్‌లో పశువుల మందలను తుడిచిపెడుతున్న అంటువ్యాధి రిండర్‌పెస్ట్‌కు ఏదో ఒక అడ్డుకట్ట పడుతుందని. చేతిలో ఉన్న ఒక్క జంతువుకు వైద్యం చేయడం, దేశం మొత్తం పశుసంపదను కాపాడటం అనే రెండు పనులూ అప్పటి నుంచి ఒకే పట్టాలో ఇమిడిపోయాయి. రెండో పని పూర్తయిన రోజు కూడా ఒకటి వచ్చింది. 2011లో రిండర్‌పెస్ట్ భూమ్మీద లేకుండా పోయిందని అధికారికంగా ప్రకటించారు. మనిషి పూర్తిగా నిర్మూలించిన జబ్బుల్లో మశూచి తర్వాత ఇదే రెండోది.

మొదటి పని దగ్గరికి వస్తే, పాడి పశువుల మధ్య పనిచేసే డాక్టర్ రోజు ఎలా ఉంటుందో చూడాలి. బాగా పాలిచ్చే ఆవు ఈనిన ఒకటి రెండు రోజుల్లో లేవలేక కూలబడిపోతుంది. మెడ పక్కకు తిప్పి కడుపు మీద ఆనించుకుని ఉంటుంది, చెవులు చల్లగా తగులుతాయి. ఇది పాల జ్వరం. పాలలోకి ఒక్కసారిగా వెళ్లిపోయిన కాల్షియాన్ని రక్తం భర్తీ చేసుకోలేకపోవడం వల్ల వస్తుంది. కాల్షియం బోరోగ్లూకోనేట్‌ను మెడ సిరలోకి ఎక్కించాలి. ఒక చేత్తో సీసా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి గుండె చప్పుడు వింటూనే ఉండాలి. లయ తప్పిందంటే సీసా దించాలి, తొందరపడితే గుండె ఆగిపోతుంది. సరిగ్గా ఎక్కితే ఆవు ఒళ్లు సన్నగా వణుకుతుంది, త్రేన్పు వస్తుంది, పేడ వేస్తుంది. చాలాసార్లు అరగంటలోపే లేచి నిలబడుతుంది. వైద్యశాస్త్రం మొత్తంలో ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా ఫలితం కనిపించే చికిత్సలు తక్కువ. ఈ ఒక్క దృశ్యం కోసమే క్షేత్రంలో ఉండిపోయిన డాక్టర్లు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

ఈత కష్టమైనప్పుడు పని ఇంకా బరువుగా ఉంటుంది. దూడ ముందుకాళ్లు రెండూ కనిపిస్తూ తల వెనక్కి మళ్లి ఉంటే, బయటి నుంచి లాగేకొద్దీ పరిస్థితి చెడుతుంది. ముందు వెన్నులో మత్తు ఇచ్చి ఆవు ముక్కకుండా చేయాలి. కాళ్లకు తాళ్లు కట్టి, దూడను మళ్లీ లోపలికి నెట్టి చోటు చేసుకోవాలి. అప్పుడు మూతిని అరచేతిలో ఇముడ్చుకుని, పళ్లు గర్భాశయానికి గీరుకోకుండా కాపాడుకుంటూ తలను తిప్పి తేవాలి. ఇదంతా కంటికి కనపడదు, వేళ్లే కళ్లు. కుదరకపోతే ఆవు నిలబడి ఉండగానే ఎడమ డొక్కలో మత్తిచ్చి కోసి దూడను తీస్తారు. ఇక్కడ కండబలం కంటే ఓపిక, మెళకువ ఎక్కువ అవసరం. పెద్ద పశువుల వైద్యం ఆడపిల్లల వల్ల కాదన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. చాలా దేశాల్లో పశువైద్య విద్యార్థుల్లో ఇప్పుడు వాళ్లే ఎక్కువ. మత్తుమందులు, బిగించే చట్రాలు, సరైన పద్ధతి ఉన్నచోట ఆ మాటకు ఆధారం లేదు.

ప్రమాదాలు మాత్రం నిజం. తన్నులు, గోడకు నొక్కుకుపోవడం, ఏళ్ల తరబడి చూడి పరీక్షలు చేసి భుజాలు అరిగిపోవడం ఈ పనిలో సాధారణం. బ్రుసెల్లోసిస్ అనే అంటురోగం ఉన్న ఆవు ఈసుకుపోయినప్పుడు (నెలలు నిండకముందే దూడను పడేసినప్పుడు) ఉత్త చేతులతో మాయ తీస్తే ఆ జబ్బు డాక్టర్‌కు అంటుకుంటుంది. ఆ జబ్బుకు వాడే బతికున్న టీకా సూది పొరపాటున గుచ్చుకున్నా అదే ముప్పు. పశువులకు వాడే టిల్మికోసిన్ అనే యాంటీబయాటిక్ మనిషి ఒంట్లోకి సూది ద్వారా వెళ్తే గుండెను దెబ్బతీసి ప్రాణమే తీయగలదు. పశువును ఎదకు తెచ్చేందుకు వాడే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది కాబట్టి గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. ఇవన్నీ కోర్సులో ఒక పేజీలో చెప్పి వదిలేసే సంగతులు కావు. తొలి ఉద్యోగంలో చేరిన రోజే సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సినవి.

అసలు చిక్కు ఆ సీనియర్ చాలా చోట్ల లేకపోవడమే. పెద్ద పశువుల వైద్యానికి వచ్చిన కుర్ర డాక్టర్లు మొదటి కొన్నేళ్లలోనే కుక్కలు, పిల్లుల ఆసుపత్రులకు మళ్లిపోవడం ఎన్నో దేశాల్లో కనిపిస్తోంది. దీనికి ఊళ్లో ఉండటం ఇష్టం లేదనో, పేడ వాసన పడదనో సులువుగా కారణం చెప్పేస్తుంటారు. అంతకంటే బలమైన కారణాలు రెండున్నాయి. రాత్రి పిలుపులన్నీ ఒక్కరి మీదే పడటం ఒకటి. చేయి తిరగని కేసు ఎదురైనప్పుడు ఫోన్ చేస్తే వచ్చే మనిషి లేకపోవడం రెండోది. వీటికి చదువు అప్పు తోడైతే ఇక చెప్పేదేముంది? అమెరికాలో ప్రభుత్వమే పశువైద్యుల కొరత ఉన్న ప్రాంతాలను గుర్తించి, అక్కడ కొన్నేళ్లు పనిచేసేవాళ్ల విద్యారుణంలో కొంత తీర్చే పథకం నడుపుతోంది. అప్పు తీరడం మంచిదే. అయినా డబ్బు రాత్రి ఒంటరితనాన్ని తీర్చదు. నలుగురైదుగురు డాక్టర్లు కలిసి వంతులవారీగా రాత్రులు పంచుకునే చిన్న బృందాలు నిలబడిన చోట మనుషులు కూడా నిలబడతారు. విధానాలు రాసేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇదే.

పశుపోషణ చిన్న కొట్టాల నుంచి పెద్ద ఫారాలకు మారేకొద్దీ వైద్యం రూపం కూడా మారింది. ఇందాకటి పాల జ్వరం ఆవునే తీసుకుందాం. దాన్ని లేపి నిలబెట్టడంతో యజమానికి కావలసిన పని అయిపోయింది. మంద వైద్యుడికి పని అక్కడే మొదలవుతుంది. కూలబడిన ఆవు ఒక్కటే కావచ్చు, కానీ రక్తంలో కాల్షియం తగ్గి పైకి ఏమీ కనిపించనివి అదే కొట్టంలో ఇంకెన్నో ఉంటాయి. ఆ ఆవులే తర్వాతి వారాల్లో మాయ పడక, గర్భాశయం వాచి, పొదుగు వాపు వచ్చి, మేత మానేసి బయటపడతాయి. అందుకే మంద వైద్యుడు ఈతకు మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా ఉన్న కాలాన్ని పట్టుకుంటాడు. చూడి ఆవులకు పొటాషియం ఎక్కువున్న మేత పడుతోందా? గాడి దగ్గర అన్నిటికీ చోటుందా? ఆవులు మరీ కొవ్వు పట్టి ఉన్నాయా? ఈనిన రెండు నెలల్లోపు మందలోంచి ఎన్ని ఆవులు పోతున్నాయి? మందు సంచి కంటే రికార్డుల పుస్తకం ఇక్కడ ఎక్కువ చెబుతుంది.

పొదుగు వాపు విషయంలోనూ అంతే. వాచి, ఎర్రబడి, పాలు విరిగిన పొదుగును ఎవరైనా గుర్తుపడతారు. నష్టంలో పెద్ద భాగం పైకి కనిపించని వాపుది. ఆవు పాలలో మిల్లీలీటరుకు సోమాటిక్ కణాలు (ఆవు ఒంటి నుంచి పాలలోకి చేరేవి, ఎక్కువగా తెల్ల రక్తకణాలు) 2 లక్షలు దాటితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చని అనుమానిస్తారు. ఏ ఆవుల్లో పెరుగుతోంది, ఈనగానే పెరుగుతోందా లేక పాలు పితికే రోజులు గడిచేకొద్దీ పెరుగుతోందా అన్నది చూస్తే జబ్బు ఎక్కడి నుంచి అంటుకుంటోందో ఊహించవచ్చు. ఈనగానే ఎక్కువగా ఉంటే వట్టిపోయిన కాలంలో పడుకునే చోటు మురికిగా ఉందేమో చూడాలి. పోనుపోను ఒక్కొక్కటిగా పెరుగుతుంటే పితికే మిషన్, పితికేవాళ్ల చేతులు, పితికాక చన్నులను మందులో ముంచే అలవాటు చూడాలి. సగం డాక్టర్ పని, సగం పరిశోధకుడి పని. లెక్కల మీద ఇష్టం ఉన్న పశువైద్యులకు దీన్ని మించిన చోటు లేదు. విచిత్రమేమిటంటే చాలా కాలేజీల్లో ఈ రకం ఆలోచనకు కేటాయించే గంటలు ఇప్పటికీ తక్కువే.

మంద వైద్యంలో సంపాదన ప్రశ్న సూటిగా ఎదురవుతుంది. పశువు లేస్తే ఫీజు ఇవ్వడానికి యజమాని వెనుకాడడు. పడిపోకుండా చూసినందుకు డబ్బు అడిగితే మాత్రం చేయి రాదు, జరగని నష్టం కళ్లకు కనిపించదు కదా. దాంతో చాలా చోట్ల డాక్టర్లు సలహా ఉచితంగా ఇచ్చి, మందుల అమ్మకం మీద బతికారు. దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. మందు ఎక్కువ పోతే రాబడి ఎక్కువ. డెన్మార్క్ 1995లో ఈ ముడి విప్పింది. పశువైద్యులు మందులమ్మి లాభం చేసుకోవడాన్ని గట్టిగా పరిమితం చేసింది. దాంతో పాటు రైతుకూ డాక్టర్‌కూ మధ్య సలహా ఒప్పందాలను ప్రోత్సహించి, 2010 నుంచి పెద్ద మందలకు వాటిని తప్పనిసరి చేసింది. డాక్టర్ నిర్ణీత కాలానికి ఒకసారి వచ్చి మందను చూస్తాడు, మందుల వాడకం లెక్కలో నమోదవుతుంది, రాబడి మాత్రం సలహా నుంచి వస్తుంది. యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎన్ని సభలు పెట్టినా, డాక్టర్ ఇంటి ఖర్చులు మందుల సీసాల మీద ఆధారపడి ఉన్నంతకాలం ఆ మాటలకు బలం రాదు. యూరోపియన్ యూనియన్ 2006లో ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని, 2022లో జబ్బు లేకపోయినా రివాజుగా వాడటాన్ని ఆపింది. ఈ నియమాలు వచ్చాక మంద వైద్యుడి సలహా విలువ ఇంకా పెరిగింది.

కోళ్లు, పందుల పరిశ్రమలో జవాబుదారీతనం మళ్లీ మారుతుంది. అక్కడ డాక్టర్ చాలావరకు కంపెనీ ఉద్యోగి. ఒక్క కోడికి చికిత్స అన్నది ఉండదు. షెడ్డులో నీళ్ల వాడకం తగ్గిందంటే జబ్బు గుమ్మంలో ఉన్నట్టు లెక్క. చనిపోయిన కొన్నింటిని అక్కడికక్కడే కోసి చూసి, గంటల్లో నిర్ణయం చెప్పాలి. జీతం నిలకడగా ఉంటుంది, రాత్రి పిలుపులు తక్కువ, టీకాల కార్యక్రమాల మీద లోతైన పట్టు వస్తుంది. కష్టం వేరే రకంగా వస్తుంది. షెడ్డులో పక్షులు మరీ కిక్కిరిసి ఉన్నాయని చెప్పాల్సింది ఆ షెడ్డు యజమానికే, జీతమిచ్చేదీ ఆయనే. ఇందులోకి వెళ్లేవాళ్లు తమ మాట కంపెనీలో ఎంత పైదాకా చేరుతుందో ముందే కనుక్కోవాలి.

పట్టా చేతికొచ్చినవాళ్లు అందరికంటే చిన్నచూపు చూసే దారి కబేళా తనిఖీ. పశువును బతికించే చదువు చదివి, కోతకు వెళ్లేవాటిని చూస్తూ నిలబడటం ఏమిటన్న బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ 2001 ఫిబ్రవరి 19న జరిగింది గుర్తు చేసుకోవాలి. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఒక కబేళాలో, కోతకు తెచ్చిన పందులను మామూలుగా తనిఖీ చేస్తున్న పశువైద్యుడికి వాటి మీద బొబ్బలు కనిపించాయి. పని ఆపించి పై అధికారులకు చెప్పాడు. పరీక్షల్లో గాలికుంటు అని తేలింది. అప్పటికే వైరస్ గొర్రెల సంతల ద్వారా దేశమంతా పాకిపోయింది. దాన్ని ఆపేందుకు ఆ ఏడాది 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. అన్ని ఫారాలు, అన్ని సంతలు, ఇంతమంది యజమానులు ఉండగా దేశానికి మొదటి సమాచారం వచ్చింది ఎవరూ కోరుకోని ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి నుంచి. ఆ పనిలో ఉన్నవాళ్లు లైను ఆపించినప్పుడల్లా కబేళా యాజమాన్యానికి నష్టమే కాబట్టి, జీతం ఆ యాజమాన్యం చేతిలో లేకుండా చూడటం చాలా ముఖ్యం. శోషరస గ్రంథులు కోసి క్షయ గడ్డలు వెతకడం, కాలేయంలో జలగలు చూడటం పైకి ఒకే రకం పనిలా అనిపిస్తాయి. ఆ కనిపించినవి వచ్చిన ఫారానికి కబురుగా తిరిగి వెళ్తే అది మంద వైద్యానికి ఎంతో పనికొస్తుంది. చాలా చోట్ల ఆ కబురు రిజిస్టర్‌లోనే ఆగిపోతోంది.

ప్రభుత్వ పశువైద్య శాఖల్లో టీకాలు, సరిహద్దు తనిఖీలు, ఎగుమతి ధ్రువపత్రాలు ఉంటాయి. దేశాల మధ్య పశువులు, మాంసం కదలాలంటే అధికారిక పశువైద్యుడి సంతకం కావాలి. 1920లో బెల్జియంలోకి ఓడ మీద వచ్చిన పశువుల ద్వారా రిండర్‌పెస్ట్ ప్రవేశించాక, 1924లో 28 దేశాలు కలిసి పారిస్ కేంద్రంగా ఒక సంస్థ పెట్టుకున్నాయి. ఇప్పుడు దాన్ని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ అంటున్నారు. ప్రపంచ వాణిజ్య సంస్థ కూడా జంతు ఆరోగ్యం విషయంలో దాని ప్రమాణాలనే ఆధారంగా తీసుకుంటుంది. గొర్రెలు, మేకలను చంపే వైరస్ జబ్బు పీపీఆర్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యం ఆ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి పెట్టుకున్నదే. ఫీల్డులో కొన్నేళ్లు పనిచేసి, ఆ పైన ఎపిడెమియాలజీ (జబ్బులు మందల్లో, జనంలో ఎలా పాకుతాయో చెప్పే శాస్త్రం) చదివినవాళ్లకు ఇక్కడ మంచి స్థానం ఉంటుంది.

ల్యాబ్‌లు, పరిశోధన, మందుల కంపెనీల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు, ఎందుకంటే వీటికి ప్రచారం బాగానే ఉంది. బీసీజీ టీకా పేరులోని రెండో శాస్త్రవేత్త కమీల్ గెరాన్ పశువైద్యుడే, ఆ టీకా తయారైంది పశువుల క్షయ క్రిమి నుంచే. కెన్యాలో రిండర్‌పెస్ట్ టీకాను రూపొందించిన వాల్టర్ ప్లౌరైట్, 1996లో నోబెల్ అందుకున్న పీటర్ డోహర్టీ పశువైద్య పట్టాదారులు. ఫైజర్ సీఈఓ ఆల్బర్ట్ బౌర్లా కూడా ఆ కంపెనీలో జంతు ఆరోగ్య విభాగంతోనే మొదలుపెట్టారు. మందు పరిశోధనలో పశువైద్యుడి చూపు మిగతావాళ్ల కంటే విశాలంగా ఉండాల్సిన అవసరాన్ని డైక్లోఫెనాక్ చూపించింది. పశువుల నొప్పికి ఇచ్చిన ఆ మందు, చనిపోయిన పశువు మాంసం ద్వారా దక్షిణాసియా రాబందుల మూత్రపిండాలను పాడుచేసిందని 2004లో తేలింది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువులకు దాన్ని వాడటాన్ని నిలిపేశాయి.

ఈ దారులు విడివిడిగా కనిపించినా జబ్బు వచ్చినప్పుడు ఒకదానికొకటి అందించుకోవాల్సిందే. 2024 ఆరంభంలో అమెరికాలోని టెక్సాస్ ప్రాంతపు డెయిరీల్లో ఆవులు మేత తగ్గించాయి, పాలు ముర్రుపాలలా చిక్కబడ్డాయి. మామూలు పరీక్షల్లో ఏమీ దొరకలేదు. అవే ఫారాల్లో పిల్లులు చనిపోతున్నాయని గమనించిన క్షేత్ర పశువైద్యులు పాల నమూనాలతో పాటు పిల్లుల కళేబరాలను కూడా ల్యాబ్‌కు పంపారు. మార్చిలో జవాబు వచ్చింది. అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ. ఆవులకు అది వస్తుందని అప్పటిదాకా ఎవరూ పెద్దగా అనుకోలేదు. పిల్లిని కూడా పంపాలన్న ఆలోచన కొట్టంలో తిరిగిన మనిషికి వచ్చింది. దాన్ని పక్కన పెట్టకుండా పరీక్షించిన మనిషి ల్యాబ్‌లో ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా జవాబు ఇంకెంతో ఆలస్యమయ్యేది.

దారి మార్చుకోవాలనుకునేవాళ్లకు ఒక విషయం ముందే తెలిసుండాలి. కొట్టం నుంచి ల్యాబ్‌కు, కంపెనీకి, ప్రభుత్వానికి వెళ్లడం తేలిక, ఆ అనుభవానికి అన్ని చోట్లా గిరాకీ ఉంటుంది. అటు నుంచి ఇటు రావడం కష్టం. పదేళ్లు ఆఫీసులో గడిపాక ఈత కష్టమైన ఆవు దగ్గర చేతులు తడబడతాయి. కాబట్టి చివరికి ఏ దారి మీద ఇష్టం ఉన్నా మొదటి మూడు నాలుగేళ్లు పశువుల మధ్య గడపడం లాభమే, అయితే ఆ చోటు సరైనదై ఉండాలి. ఇంటర్వ్యూలో జీతం అడిగినంత ధైర్యంగా అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. వారానికి ఎన్ని రాత్రులు డ్యూటీ? మొదటి సిజేరియన్ చేసేటప్పుడు పక్కన ఎవరుంటారు? రాత్రి ఫోన్ చేస్తే ఎంతసేపట్లో వస్తారు? రాబడిలో మందుల అమ్మకం వాటా ఎంత? ఇంతకుముందు ఈ ఉద్యోగం చేసినవాళ్లు ఎన్నాళ్లున్నారు, వాళ్లతో మాట్లాడవచ్చా? చివరి ప్రశ్నకు యజమాని వాళ్ల నంబరు ఇచ్చేస్తే చేరవచ్చు. మాట దాటేస్తే ఇంకో చోటు చూసుకోవడం మంచిది.